ఎదురు చుట్టు

"నా లెక్కే తప్పిందండి. మేజిస్ట్రేటుగారి ముందు అదే చెప్పేస్తాను. మీరు శ్రమ పడకండి."

సత్యానందం ఆ మాట కొత్తపేట పోలీసు స్టేషనులో, లాకప్పు ఊచల వెనక నిలబడి అన్నాడు. ఎదురుగా బెంచీ మీద డిటెక్టివ్ మాణిక్యాలరావు కూర్చుని ఉన్నాడు. కాకినాడ నుంచి ఆయన్ని పిలిపించింది సత్యానందం భార్య పుష్పలత. భర్త తనంతట తానే నేరం ఒప్పుకోబోతున్నాడని ఆమెకు తెలిసి ఉండదు.

పలివెలలో కొబ్బరి పీచు తాళ్ళ కార్ఖానా యజమాని బంగారరాజు. విజయదశమి ఉదయం యంత్రం దగ్గర చనిపోయి కనపడ్డాడు. అతని మెడలోని కండువా యంత్రం ఇరుసుకు చుట్టుకుపోయి ఉంది. ఆ యంత్రాన్ని తిప్పే మోటారుకు వేగం పెంచి తగ్గించే పెట్టె ఒకటి ఉంది. దాన్ని తయారుచేసింది సత్యానందం. ఆ పెట్టెలో రెండు ట్రాన్సిస్టర్లు కాలిపోయాయని ఎలక్ట్రికల్ ఓవర్సీరు రాసిచ్చాడు. అవి కాలి మోటారు ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుందనీ, కండువా లాక్కుపోయిందనీ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సోమయాజులు తేల్చాడు. నిర్లక్ష్యం వల్ల మరణం. దసరా సెలవుల తరవాత కోర్టు ఆ రోజే తెరిచారు. మధ్యాహ్నం బస్సులో ముద్దాయిని అమలాపురం కోర్టుకు తీసుకువెళ్ళడానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి.

"ఏ లెక్క తప్పింది?" అని అడిగాడు మాణిక్యాలరావు.

"ట్రాన్సిస్టర్లు ఎంచిన లెక్కండి."

"ఎలా ఎంచేరో చెప్పండి. నాకు రేడియో తిప్పడం తప్ప ఏమీ తెలీదు. తెలీనివాడికి చెప్పినట్టు చెప్పండి."

సత్యానందం ఎయిర్ ఫోర్సులో ఆరేళ్ళు పనిచేసి వచ్చినవాడు. చెప్పమనగానే గొంతు మారింది.

"ఆ మోటారు యుద్ధం అయ్యేక విమానాల సామాను వేలం వేస్తే రాజుగారు కొన్నదండి. ఇరవైనాలుగు వోల్టులది. లారీ బేటరీల మీద నడుస్తుంది. వోల్టులు తక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ తాగుతుంది. తిరుగుతున్నప్పుడు ముప్పై ఆంపియర్లు. మొదలెట్టేటప్పుడు వంద. చాలామంది ముప్పైకి సరిపడా సామాను కొంటారు. మొదటి క్షణంలోనే అది చస్తుంది. నేను వందకి కొన్నాను."

"ఒక్కో ట్రాన్సిస్టర్ ఎంత మోస్తుంది?"

"పదిహేనని కేటలాగులో రాసేరండి. అది చల్లగా ఉన్నప్పటి మాట. మన షెడ్డులో ఎండాకాలం రేకు మీద చెయ్యి పెట్టలేం. అందుకని పదే అనుకున్నాను. వందకి పది. పదీ ఒక దళసరి అల్యూమినియం పలక మీద బిగించేను, వేడి పలకలోకి లాగెయ్యడానికి. కరెంటు ఆపినప్పుడల్లా మోటారు వెనక్కి తంతుంది. దానికని ఎనభై వోల్టులకి ఆగేవి ఎంచేను."

"పదిట్లో ఒకటి ఎక్కువ మోసి, మిగతావి ఊరుకుంటే?"

సత్యానందం తలెత్తి చూశాడు. "మంచి ప్రశ్న అడిగేరు. ఊరుకుంటాయండి. వేడెక్కినది ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకే ఒక్కోదానికీ జానెడు నిరోధం తీగ, కరెంటుని కొంచెం అడ్డుకునేది, కలిపేను. బరువు సమానంగా పంచడానికి. ఈ సంగతులన్నీ మూడు ట్రాన్సిస్టర్లు తగలేసి నేర్చుకున్నానండి. ఒకటి తన్నుకి పోయింది. ఒకటి బరువు పంచక పోయింది. ఒకటి బోల్టు వదులై వేడికి పోయింది. ఆ మూడూ షెడ్డులోనే బిస్కెట్ల డబ్బాలో ఉంచేను."

"పాడైనవి ఎందుకు దాచేరు?"

"మళ్ళీ అదే తప్పు చెయ్యకుండా కళ్ళెదురుగా ఉంటాయని."

"పాడైతే ఏమవుతుంది? కరెంటు బల్బు పోయినట్టు తెగిపోతుందా?"

"లేదండి. అంటుకుపోతుంది. కరెంటు ఆపడం మానేసి ఒకేసారి మొత్తం వదిలేస్తుంది. వేగం మార్చే బిరడా ఎక్కడున్నా మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది. రాజుగారికి చెప్పేను. ఆయన బావమరిది బాబ్జీగారికి చెప్పేను. మేస్త్రీ ఎర్రయ్యకి చెప్పేను. చెయ్యి దగ్గర పెట్టకండి, మెడలో గుడ్డ ఉంచకండి అని మరీ చెప్పేను." అతను ఊచలు పట్టుకున్నాడు. "చెప్పి ఏం లాభం? ఓవర్సీరు చూసి రెండు పోయేయన్నాడు. నా లెక్కలో ఎక్కడో తప్పుంది. ఓ మనిషి పోయేడు."

మాణిక్యాలరావు లేచాడు. "మీరు ఆ కాలిన రెంటినీ చూసేరా?"

"చూడనివ్వలేదండి. నవమి మధ్యాహ్నమే రాజోలు వెళ్ళిపోయేను, మా మరదలి పెళ్ళికి. దశమి సాయంత్రం అక్కడే పట్టుకున్నారు."

"అయితే చూసినదాకా ఒప్పుకోకండి. మీ ట్రాన్సిస్టర్లు మూడు పాడైనప్పుడు కారణం చూడకుండా వదిలేరా?"

సత్యానందం ఊచల మీద నుంచి చేతులు తీశాడు.

*

ఇన్‌స్పెక్టర్ సోమయాజులు జీపులోనే నవ్వుతున్నాడు. శవపంచనామా మీద పంచాయతీదారుల సంతకాలు ఇంకో రెండు కావలసి ఉండడం వల్ల పలివెల వస్తున్నాడు గానీ, డిటెక్టివు అడిగినందుకు కాదు. ముద్దాయిని కూడా వెంట తీసుకురమ్మని మాణిక్యాలరావు కోరినప్పుడు ఆయన అభ్యంతరం చెప్పలేదు. షెడ్డు నుంచి అటే అమలాపురం బస్సు ఎక్కించవచ్చు.

"కాకినాడలో పనులు లేవా మాణిక్యాలరావు గారూ? యంత్రం చేసిన హత్యకి కూడా డిటెక్టివా?"

"యంత్రం చేసిందంటే మీరు మనిషిని ఎందుకు పట్టుకున్నారండీ?"

"యంత్రానికి బేడీలు పట్టవు కాబట్టి." ఇన్‌స్పెక్టరు తన మాటకు తనే నవ్వాడు. వెనక సీట్లో సత్యానందం పక్కన కూర్చున్న కానిస్టేబులు లాజరు నవ్వలేదు.

కార్ఖానా ముందు ఒక మనిషి నేల మీద కూర్చుని తాడు చుట్ట చుడుతున్నాడు. యాభై దాటిన వయసు. జీపు ఆగగానే లేచి తలగుడ్డ తీశాడు. మేస్త్రీ ఎర్రయ్య.

"మూడు రోజులై పనిలేదు కదా, ఈ తాడు ఎక్కడిది?" అని అడిగాడు మాణిక్యాలరావు.

"పూజకి ముందు పేనిందండి. చుట్టకుండా వదిలేస్తే పురి చెడిపోద్దండి."

"చూస్తున్నాను, నీ చెయ్యి ఒక వైపే తిరుగుతోంది."

"ఆయ్. యంత్రం అటు తిప్పి పురి ఎక్కిస్తదండి. చుట్ట ఇటు, ఎదురు చుట్టాలండి. అటే చుడితే తాడు మెలికలు పడిపోద్ది. ఈ కార్ఖానాలో ఎవరి చెయ్యైనా అంతేనండి. నిద్దట్లో లేపి తాడిచ్చినా ఇటే చుడతారు."

మాణిక్యాలరావు తల ఊపి లోపలికి నడిచాడు.

షెడ్డుకు సీలు వేసి ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని తీయించాడు. ఆ చప్పుడుకు పక్క గదిలోంచి బాబ్జీ వచ్చాడు. చనిపోయిన బంగారరాజు బావమరిది, ముప్పై ఏళ్ళవాడు, ఆఫీసు వ్యవహారాలు చూస్తాడు. శవాన్ని మొదట చూసింది అతనే.

"మళ్ళీ ఏం చూస్తారండీ?" అన్నాడు. "మా బావగారు పోయేరు. పోగొట్టినవాణ్ణి పట్టుకున్నారు. ఇంకేం కావాలి?"

"ఆ రోజు జరిగింది మీ నోటితో ఒకసారి."

"నవమి సాయంత్రం ఆయుధపూజ చేసేం. యంత్రానికీ, పెట్టెకీ, పనిముట్లకీ పసుపు రాసి బొట్లు పెట్టేం. ఆ తరవాత ఎవరూ ముట్టుకోకూడదండి. దశమి పొద్దున్న తొమ్మిదింటికి ముహూర్తం. బావగారు ముందు వచ్చేరు. నేను కొబ్బరికాయలు తెచ్చేసరికి ఎనిమిదిన్నరయింది. అప్పటికే..." అతను ఇరుసు వైపు చెయ్యి చూపించి ఆగాడు.

"మోటారు తిరుగుతోందా?"

"లేదండి. స్విచ్చి తీసేసి ఉంది. భయపడి ఎవరో తీసేసి పోయుంటారనుకున్నాం."

"ఎవరు తీసేరో అడిగేరా?" అన్నాడు మాణిక్యాలరావు, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి.

"మా పని మాకు నేర్పకండి," అన్నాడు సోమయాజులు. "పనివాళ్ళు శవాన్ని చూసి స్విచ్చి తీసి పారిపోతారు. సాక్ష్యానికి పిలుస్తామని చెప్పరు. అది మామూలే."

షెడ్డు మధ్యలో యంత్రం ఉంది. మోటారు, దాని ఇరుసు, ఇరుసు చివర కొక్కెం. ఆ కొక్కేనికి పీచు పురులు కడతారు. మోటారు తిప్పుతుంటే పనివాళ్ళు పురులు పట్టుకుని వెనక్కి నడుస్తారు. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచాలి. లేకపోతే పురి తెగుతుంది. వేగం అదుపులో ఉండాలన్నది అందుకే. యంత్రం ముందు పీట మీద పనిముట్లు వరసగా పేర్చి ఉన్నాయి. సుత్తి, పట్టకారు, స్క్రూడ్రైవరు, నాలుగు పానాలు. ముహూర్తం పూర్తి కాలేదు కాబట్టి వాటిని ఎవరూ ఎత్తలేదు. ఇరుసు మీద కండువా చుట్లు అలాగే ఉన్నాయి. శవాన్ని దించడానికి పోలీసులు కండువాను మధ్యకు కోశారు. కోసిన కొస వేలాడుతోంది.

మాణిక్యాలరావు ముందు పెట్టె మూత తీశాడు. లోపల అల్యూమినియం పలక మీద పది ట్రాన్సిస్టర్లు, బొటనవేలంత లోహపు డిప్పలు, రెండు వరసల్లో బిగించి ఉన్నాయి. ఒక్కోదాని కాలి నుంచి ఒక్కో తీగ.

"కాలినవి ఏవి?"

"చివరి రెండు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఓవర్సీరు సున్నంతో గుర్తు పెట్టేడు."

"సత్యానందంగారూ, ఆ రెండూ అంటుకుపోతే మోటారు కరెంటంతా ఎటు పోతుంది?"

ముద్దాయి బేడీలతో నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. "ఆ రెంటిలోంచే పోతుందండి. మిగతా ఎనిమిదీ పని చెయ్యనక్కర్లేదు."

"అప్పుడు ఆ రెండు తీగల గతి?"

సత్యానందం మెడ ముందుకు చాచాడు. చూస్తూ ఉండిపోయాడు.

"చెప్పండి."

"నల్లబడాలండి. ఒక్కో తీగ పది ఆంపియర్లకి పెట్టేను. మొదలెట్టేటప్పుడు ఒక్కోదాంట్లోంచి యాభై పోవాలి. రంగు మారాలి. మొదట్లో నాకు బరువు పంచక పోయినప్పుడు కనెక్షన్ తీగే నీలం తిరిగింది." ఇంకా ముందుకు వంగాడు. "ఇవి కొత్తగా ఉన్నాయండి."

"అంటే?"

"అంటే ఈ రెంటిలోంచీ మోటారు కరెంటు ఎప్పుడూ పోలేదండి."

సోమయాజులు ముందుకు వచ్చాడు. "ముద్దాయి మాట మీద కేసు నడపమంటారా? ట్రాన్సిస్టర్లు పోయేయి. ఓవర్సీరు మీటరు పెట్టి చూసేడు."

"నేనూ చూస్తాను. మీటరు ఇక్కడే ఉండాలి."

మీటరు గూట్లో ఉంది. దాని పక్కన బిస్కెట్ల డబ్బా. ముద్దాయి సాక్ష్యపు వస్తువులు ముట్టుకోకూడదని ఇన్‌స్పెక్టరు అడ్డం చెప్పాడు. ముట్టుకోడు, చెప్తాడు అన్నాడు మాణిక్యాలరావు. మీటరు తీగలు ఎక్కడ ఆనించాలో సత్యానందం చెప్తుంటే ఆయన ఆనించాడు. అటూ ఇటూ మార్చి పెట్టినా ముల్లు పూర్తిగా వాలితే ట్రాన్సిస్టర్ చచ్చినట్టు. ఒక వైపే వాలితే బతికున్నట్టు. చివరి రెంటికీ ముల్లు రెండు వైపులా వాలింది.

"చూసేరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మాణిక్యాలరావు బిస్కెట్ల డబ్బా మూత తీసి పీట పక్కన పెట్టాడు. లోపల మూడు ట్రాన్సిస్టర్లు. మొదటిదానికి ముల్లు రెండు వైపులా వాలింది. రెండోదానికి ఒక వైపే వాలింది. మూడోదానికీ ఒక వైపే.

మాణిక్యాలరావు మళ్ళీ ఒకసారి మూడింటినీ చూసి, మీటరు కింద పెట్టాడు.

"పాడైనవి మూడు ఉండవలసిన డబ్బాలో ఒకటే పాడైనది. మంచివి రెండు. అన్నీ మంచివి ఉండవలసిన పెట్టెలో పాడైనవి రెండు. మీ లెక్క తప్పలేదు సత్యానందంగారూ. ఎవరో మార్చేరు."

సత్యానందం గోడకు ఆనుకున్నాడు. మూడు రోజులుగా ఎవరూ అతని కళ్ళలో నీళ్ళు చూడలేదు. ఇప్పుడు చూశారు. బేడీల చేతులతోనే తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు మాత్రం చప్పట్లు కొట్టాడు.

"బాగుంది! చాలా బాగుంది. నిర్లక్ష్యం కేసు నుంచి తప్పిద్దామని వచ్చి హత్య కేసులో ఇరికించేరు. ఏ ట్రాన్సిస్టర్ పాడైందో, పాడైతే ఏమౌతుందో, డబ్బాలో ఏముందో తెలిసినవాడెవడండీ? ఇదిగో, నా పక్కనే ఉన్నాడు. రెండేళ్ళు పడే శిక్షని మీరు ఉరిదాకా తీసుకొచ్చేరు. వాళ్ళావిడకి ఏం చెప్తారో చెప్పుకోండి."

"ముందు ఎప్పుడు మార్చేరో చూద్దాం," అన్నాడు మాణిక్యాలరావు.

ఆయన పీట ముందు గొంతుక్కూర్చున్నాడు. సుత్తికి పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. పట్టకారుకు బొట్టు. స్క్రూడ్రైవరుకు బొట్టు. నాలుగు పానాల్లో మూడింటికి బొట్లు గుండ్రంగా ఉన్నాయి. నాలుగోదానికి పసుపు చెరిగి వేలిముద్రలు పడ్డాయి. కుంకుమ దాని పిడి పొడవునా పులుముకుంది. మాణిక్యాలరావు జేబురుమాలుతో దాన్ని ఎత్తి ట్రాన్సిస్టర్ నట్టుకు ఆనించాడు. సరిగ్గా పట్టింది. సున్నం గుర్తు ఉన్న రెండు నట్ల మీదా ఎర్రటి మరక ఉంది. మిగతా ఎనిమిదింటి మీదా లేదు.

"బాబ్జీగారూ, పూజ ఎప్పుడు అయింది?"

"నవమి నాడు దీపాలు పెట్టే వేళకండి."

"పూజ అయ్యేక ఎవరూ ముట్టుకోకూడని పానాని ఎవరో ముట్టుకున్నారు. సోమయాజులు గారూ, నవమి సాయంత్రం నుంచి దశమి సాయంత్రందాకా సత్యానందం ఎక్కడున్నాడు?"

ఇన్‌స్పెక్టరు కంటే ముందే లాజరు జవాబు చెప్పాడు. "రాజోలు చర్చిలో పెళ్ళండి. నేనే వెళ్ళి పట్టుకొచ్చేను. పాస్టరుగారితో సహా ఊరంతా చూసేరండి."

"నిన్నెవరడిగేరయ్యా?" అన్నాడు సోమయాజులు.

"షెడ్డు తాళం చెవులు ఎవరి దగ్గర ఉంటాయి?"

"రాజుగారి దగ్గర ఒకటి," అన్నాడు బాబ్జీ. "అది ఆయన మొలలోనే దొరికింది. నా దగ్గర ఒకటి. మేస్త్రీ దగ్గర ఒకటి." చివరి మాట అనేటప్పటికి అతనికి తన పరిస్థితి అర్థమైంది. "నన్ను అనుమానిస్తున్నారా? మా అక్క పసుపుకుంకాలు నేనే తీసుకుంటానా?"

"అనుమానించడం నా పని. రండి, ఈ కండువా చూడండి."

మోటారు మీద తెల్లరంగుతో బాణం గుర్తు ఉంది. విమానాల వాళ్ళు వేసినది. మోటారు అటే తిరుగుతుంది, వేరేవైపు తిరగదు. మాణిక్యాలరావు కండువా కోసిన కొసను లాజరు చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు. తను కొక్కెం పట్టుకుని, బాణం చూపించిన వైపు ఇరుసును చేత్తో తిప్పాడు.

కండువా బిగిసిపోవాలి. బిగిసిపోలేదు. ఒక చుట్టు వదులైంది. ఇంకో చుట్టు వదులైంది. ఐదో తిప్పుకి కండువా మొత్తం ఇరుసు నుంచి విడిపోయి లాజరు చేతిలో వేలాడింది.

లాజరు దాన్ని చూసి నోట్లో ఏదో గొణుక్కున్నాడు.

"యంత్రం చుడితే ఆ వైపు చుట్టుకోవాలి," అన్నాడు మాణిక్యాలరావు. "ఇది ఎదురు చుట్టు. మోటారు ఆ ఉదయం తిరగనేలేదు. రాజుగారిని కండువాతో చంపి, తరవాత చేత్తో ఇరుసుకి చుట్టేరు. ఆ చుట్టిన మనిషి మోటారు సంగతి ఆలోచించలేదు. చెయ్యి ఎటు అలవాటైతే అటు చుట్టింది."

ఆయన కండువా తీసుకుని బాబ్జీకి ఇచ్చాడు. "ఆ ఇరుసుకి చుట్టండి."

బాబ్జీ వెనక్కి తగ్గాడు. శవం మీద నుంచి తీసిన గుడ్డ అది. ఇన్‌స్పెక్టరు కూడా ఏమీ అనకపోవడంతో చివరికి అందుకున్నాడు. చుట్టాడు. మూడు చుట్లు, మూడూ మోటారు చుట్టే వైపే.

"మీరు తాడు పనెప్పుడైనా చేసేరా?"

"లేదండి. నాకా పీచు దుమ్ము పడదు."

మాణిక్యాలరావు కండువా విప్పి ద్వారం వైపు తిరిగాడు. ఎర్రయ్య గడపలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఇందాకటి తాడు చుట్ట ఉంది. ఎంతసేపటి నుంచి అక్కడ ఉన్నాడో ఎవరూ గమనించలేదు.

"ఎర్రయ్యా, ఇలా రా."

"నాకొద్దండి," అన్నాడు ఎర్రయ్య. "నా చెయ్యి ఎటు తిరుగుద్దో తమరికి ఇందాకే చెప్పేను కదండి."

అతను తాడు చుట్టను గడప పక్కన పెట్టాడు. పురి చెడకుండా కొసను లోపలికి దోపాడు. తరవాత వచ్చి మాణిక్యాలరావు ఎదురుగా నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరును చూడలేదు.

"సత్యానందంగారు ఆ రోజు చెప్పేరండి, ఇవి పాడైతే మోటారు పట్టపగ్గాల్లేకుండా తిరుగుద్దని. రాజుగారు ముహూర్తానికి మొదటి పురి తనే కడతారు. యంత్రమే చూసుకుంటాదనుకున్నానండి. అందుకే రాత్రి వచ్చి మార్చేను."

"మరి ఆ పని యంత్రానికే ఎందుకు వదిలెయ్యలేదు?"

"పొద్దున్న ఆయన పెట్టె మీద చెయ్యి వేసి నాతో అన్నారండి. 'ఎర్రయ్యా, ఎర్రగా కాలే ఆ తీగచుట్ట పీడ వదిలింది. ఇంక పీచు దుమ్ము అంటుకోదు. నిరుడే ఇది పెట్టించి ఉంటే బాగుండేది' అని."

మాణిక్యాలరావుకు నిరుటి సంగతి తెలియదు. బాబ్జీ తల దించుకోవడం చూశాడు. సత్యానందం కళ్ళు మూసుకోవడం చూశాడు. ఆయన సత్యానందాన్నే అడిగాడు.

"ఏ తీగచుట్ట?"

"ఈ పెట్టెకి ముందు మోటారు వేగం తగ్గించడానికి ఇనపతీగ చుట్ట ఉండేదండి. కరెంటుని అడ్డుకునేది. నెమ్మదిగా నడిపిన కొద్దీ ఎర్రగా కాలేది. నిరుడు పీచు దుమ్ముకి అంటుకుని షెడ్డు తగలబడింది. ఎర్రయ్య కూతురు కనకం లోపల ఉండిపోయింది. అందుకే నన్ను పిలిచి ఇది చెయ్యమన్నారు."

"తీగచుట్ట వల్లే అంటుకుందని రాజుగారు ఎప్పుడూ ఒప్పుకోలేదండి," అన్నాడు ఎర్రయ్య. "ఏడాది పొడుగునా నా పిల్లదే తప్పన్నారు. నిన్నమొన్నటిదాకా నేనూ సగం నమ్మేను. ఆ పొద్దున్న తనంతట తనే నవ్వుతా అన్నారు. ఇంక నా చేతులు ఆగలేదండి. పోయేక, యంత్రం చేసినట్టు ఉండాలని చుట్టేను."

"సత్యానందాన్ని పట్టుకెళ్ళేరు. అప్పుడైనా చెప్పలేదేం?"

"యంత్రం వల్ల పోతే ఎవర్నీ పట్టుకోరనుకున్నానండి. మా కనకం పోయినప్పుడు ఎవర్నీ పట్టుకోలేదు కదండి." ఎర్రయ్య సత్యానందం వైపు తిరిగి చేతులు జోడించాడు. "బాబూ, నువ్వు కోర్టుకెళ్ళే ముందు చెప్పేద్దామనే ఈ మూడు రోజులూ ఇక్కడే కూర్చున్నాను. లేచి నడవడానికి కాళ్ళు రాలేదు."

సత్యానందం ఆ జోడించిన చేతులు చూసి తల తిప్పుకోలేదు, అంతే.

సోమయాజులు గొంతు సవరించుకున్నాడు. "లాజరూ, బేడీలు ఇతనికి తీసి వాడికి వెయ్యి. ఒరేయ్ ఎర్రయ్యా, ఇందాక చెప్పినదంతా స్టేషనులో మళ్ళీ చెప్పాలి."

"చెప్తానండి." ఎర్రయ్య రెండు చేతులూ ముందుకు చాచాడు. అప్పుడు మొదటిసారి ఇన్‌స్పెక్టరు ముఖంలోకి చూశాడు. "నిరుడు తమరే వచ్చేరు. ఈ షెడ్డులోనే కూర్చుని రాసేరు. కనకం చేతిలో బుడ్డి దీపం ఉందనీ, దాని నుంచే అంటుకుందనీ రాసేరు. నాకు చదువు రాదు. చదివి వినిపించి వేలిముద్ర వెయ్యమన్నారు, వేసేను. అప్పటి నుంచీ ఒకటి అడుగుదామని ఉందండి."

"ఏంటి?"

"అంటుకున్నది మిట్టమధ్యాహ్నం. పిల్ల చేతిలో దీపం ఎందుకండి?"

లాజరు బేడీల తాళం తీశాడు. సత్యానందం చేతులు విడిపోయాయి. లాజరు బేడీలు పట్టుకుని ఎర్రయ్య ముందు నిలబడ్డాడు గానీ వెయ్యలేదు. ఇన్‌స్పెక్టరు జవాబు కోసం అతను కూడా చూస్తున్నాడు.

మాణిక్యాలరావు కండువాను మడిచి పీట మీద, చెరిగిన పానా పక్కన పెట్టాడు.

"చెప్పండి సోమయాజులు గారూ," అన్నాడు. "నేనూ వింటాను."